లాభనష్టాల గడిలో మేమెక్కడ?

ఎన్నికల ఫలితాలు వచ్చిన మర్నాడు ఏ పేపరు తీసినా మొదటి పేజీలో ఒక పట్టిక ఉంటుంది. పార్టీ పేరు, ఇప్పుడు గెలిచిన సీట్లు, కిందటిసారి గెలిచిన సీట్లు, ఆఖర్న ఒక చిన్న గడి. అందులో ప్లస్ ఇంత, మైనస్ ఇంత. జనం ఆ ఆఖరి గడే చూస్తారు. ఎవరు పెరిగారు, ఎవరు తరిగారు అన్నది అక్కడే తేలిపోతుంది. టీ కొట్టు దగ్గర చర్చ దాని మీదే, టీవీలో మేధావుల విశ్లేషణ దాని మీదే. లెక్కంటే లెక్కే కదా, లెక్కకు పక్షపాతం ఉండదు కదా అని అందరూ నమ్ముతారు.

నేను నమ్మను. ఎందుకు నమ్మనో చెప్తాను.

ముందుగా ఒక మాట. ఎవరు ఎక్కడ గెలిచారు, ఎవరికి ఎన్ని ఓట్లు వచ్చాయి అన్నది ఎన్నికల సంఘం చెప్తుంది. ప్లస్సులూ మైనస్సులూ మాత్రం పత్రికలూ చానళ్లూ పార్టీ ఆఫీసులూ గీసుకున్న గీతలు. గీత గీసేవాడు ఎక్కడ నుంచి మొదలుపెడతాడో దాన్ని బట్టి లాభం నష్టమవుతుంది, నష్టం లాభమవుతుంది.

తెలంగాణనే తీసుకోండి. 2014లో టీఆర్ఎస్‌కు 63 సీట్లు. 2018లో 88. పట్టికలో ప్లస్ 25. అబ్బో, ఎంత ఆదరణ అన్నారు. మరి 2018 సెప్టెంబరులో సభ రద్దయిన రోజున ఆ పార్టీ బెంచీల మీద ఎంతమంది కూర్చుని ఉన్నారు? 90 మంది. తెలుగుదేశం నుంచి వచ్చినవాళ్లు, కాంగ్రెస్ నుంచి వచ్చినవాళ్లు, ఇంకా ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్లు. ఆ రోజు నుంచి లెక్కేస్తే ప్లస్ 25 కాదు, మైనస్ 2. కాంగ్రెస్ 21 నుంచి 19కి పడిపోయిందని రాశారు. కానీ రద్దు రోజున దాని దగ్గర మిగిలింది 13. అంటే జనం దాన్ని ఆరు మెట్లు పైకెక్కించారు. తెలుగుదేశం 15 నుంచి 2కు దిగజారిందన్నారు. ఆ పదమూడింటిలో పన్నెండు ఓటరు తీసేసినవి కావు, కొనుక్కున్నవాడు తీసుకుపోయినవి. ఆ పాపం మాత్రం ఓటరు ఖాతాలో పడింది.

2019 జూన్‌లో కాంగ్రెస్ శాసనసభ్యులు పన్నెండు మంది ఒక్క కాగితం మీద సంతకాలు పెట్టి టీఆర్ఎస్‌లో 'విలీనం' అయ్యారు. అప్పటికి కాంగ్రెస్‌కు ఉన్నది 18 మంది. మూడింట రెండు వంతులంటే సరిగ్గా పన్నెండు. పదో షెడ్యూలు అనే చట్టం ఒకడు పారిపోతే దొంగ అంటుంది, పన్నెండు మంది కలిసి పారిపోతే విలీనం అంటుంది. తర్వాత హుజూర్‌నగర్, మునుగోడు ఉప ఎన్నికల్లో మరో రెండు పోయాయి. 19 సీట్లు గెలిచిన పార్టీకి చివరికి మిగిలినవి అయిదు. 2023లో అదే పార్టీకి 64 వచ్చాయి. పట్టిక ప్లస్ 45 అంది. అసలు లెక్క ప్లస్ 59. బీఆర్ఎస్ 88 నుంచి 39కి పడింది, మైనస్ 49 అన్నారు. సభలో వంద దాటి కూర్చున్న పార్టీకి అసలు నష్టం అరవై పైమాటే.

తేడా పది పదిహేను సీట్లే కదా, దానికింత రాద్ధాంతమా అంటారేమో. ఆ తేడా ఎవరిదో చూడండి. ఓటరు వేసిన ఓటును ఎమ్మెల్యే అమ్ముకున్నాడు. ఆ అమ్మకం ఏ గడిలోనూ కనిపించదు. పట్టిక 2018 నుంచి నేరుగా 2023కి గెంతుతుంది. మధ్యలో అయిదేళ్ల సంత మాయం. దొంగతనాన్ని దాచిపెట్టే లెక్క అమాయకమైన లెక్క ఎట్లా అవుతుంది?

ఆంధ్రలోనూ ఇదే తంతు. 2014లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 67 సీట్లు. అందులో 23 మందిని తెలుగుదేశం లాక్కుంది. ఆ తెలుగుదేశానికి 2014లో ఒక్క ముస్లిం ఎమ్మెల్యే కూడా లేడు. ఆ ఎన్నికల్లో గెలిచిన నలుగురు ముస్లింలూ అవతలి పార్టీవాళ్లే. కడప, గుంటూరు తూర్పు, విజయవాడ పశ్చిమ, కదిరి. 2016లో విజయవాడ పశ్చిమ ఎమ్మెల్యే, కదిరి ఎమ్మెల్యే అధికార పార్టీ కండువా కప్పుకున్నారు. ఆ రెండు చోట్లా ముస్లిం బస్తీల్లో జనం ఏ పార్టీకి వ్యతిరేకంగా క్యూలో నిలబడి ఓటేశారో, వాళ్ల ఓటు ఆ పార్టీకే చేరింది. ఎవరడిగారు వాళ్లని? ఏ పట్టిక నమోదు చేసింది? 2019లో కొత్త పట్టిక వచ్చింది. 67 నుంచి 151, ప్లస్ 84 అని మాత్రమే రాసింది.

ఇంక ఓట్లకూ సీట్లకూ ఉన్న సంబంధం. 2019లో తెలుగుదేశానికి 39.17 శాతం ఓట్లు, 23 సీట్లు. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు 39.37 శాతం ఓట్లు, 11 సీట్లు. అదే 2024లో బీజేపీకి మూడు శాతం కూడా లేదు, సీట్లు 8. 2019లో సున్నా కాబట్టి ప్లస్ 8. ఆంధ్రలో కాషాయం పుంజుకుంది అని శీర్షికలు. పొత్తులో ఇచ్చిన పది సీట్లలో ఎనిమిది గెలిచింది, అది వేరొకరి భుజం మీద కూర్చుని చూసిన ఊరేగింపు. 1994లో కాంగ్రెస్‌కు ఉమ్మడి రాష్ట్రంలో 33.85 శాతం ఓట్లు వచ్చాయి. 181 నుంచి 26కి పడి, మైనస్ 155 అయింది. ముగ్గురిలో ఒకడు ఓటేసిన పార్టీకి ప్రతిపక్ష హోదా కూడా దక్కలేదు. తెలంగాణలో 2023లో కాంగ్రెస్‌కూ బీఆర్ఎస్‌కూ మధ్య ఓట్లలో తేడా రెండు శాతం. సీట్లలో తేడా 25. జనం గుండెలు అంత మారలేదు, గడులే మారాయి.

ఇంతవరకూ చెప్పింది పార్టీల గోల. పార్టీలు కొట్లాడుకుంటాయి, లెక్కలు సరిచేసుకుంటాయి. ఇప్పుడు మన సంగతికొద్దాం.

2023 ఫలితాల్లో బోధన్ ఉంది. 2014లోనూ 2018లోనూ అక్కడ టీఆర్ఎస్ తరఫున ముస్లిం గెలిచాడు. 2023లో కాంగ్రెస్ గెలిచింది. పట్టిక ఏమంది? కాంగ్రెస్‌కు ప్లస్ 1, బీఆర్ఎస్‌కు మైనస్ 1. లెక్క సరిపోయింది. కానీ ఆ ఒక్క సీటుతో ఇంకోటి కూడా జరిగింది. తెలంగాణ శాసనసభలో మజ్లిస్ బయట ఉన్న ఒకే ఒక్క ముస్లిం పోయాడు. 8 మంది 7 అయ్యారు. 64 సీట్లతో గద్దెనెక్కిన పార్టీలో ముస్లిం ఎమ్మెల్యే సున్నా. 2011 జనగణన ప్రకారం తెలంగాణలో ముస్లింలు 12.7 శాతం. 119లో ఆ వంతు పదిహేను సీట్లు. ఉన్నవి ఏడు. ఆ ఏడూ హైదరాబాదులోనే. ముసీ దాటి, నగరం దాటి ఆదిలాబాదు నుంచి పాలమూరు దాకా ఒక్కడు లేడు. ఈ మైనస్ ఏ గడిలో రాశారు?

రాయలేదు. గడే లేదు కాబట్టి రాయలేదు. గడి లేని చోట నష్టం కూడా ఉండదు. ఇదీ ఈ లెక్కలోని కిటుకు. సభ ఏర్పడ్డాక మంత్రివర్గంలో ముస్లిం లేడని అడిగితే, గెలిచినవాళ్లు లేరు కదా, మేమేం చెయ్యం అన్నారు. 2023 డిసెంబరు నుంచి 2025 అక్టోబరు 31న అజారుద్దీన్ ప్రమాణం చేసే దాకా ఆ కుర్చీ ఖాళీ. అది కూడా జూబ్లీహిల్స్ ఉప ఎన్నిక పోలింగు పది రోజులుందనగా నిండింది. మా లెక్క వాళ్లకు తెలియక కాదు. ఓట్లు కావలసిన రోజున బూతులవారీగా తెలుసు. ఏ గల్లీలో ఎన్ని బురఖాలు, ఏ మసీదు కింద ఎన్ని ఇళ్లు, అంతా వేళ్ల మీద ఉంటుంది. ఫలితాల మర్నాడే ఆ లెక్క మర్చిపోతారు.

ఆ జూబ్లీహిల్స్ లెక్కే ఇంకొకటి చెప్పాలి. 2023లో అక్కడ కాంగ్రెస్ అభ్యర్థి అజారుద్దీన్‌కు 64,212 ఓట్లు, గెలిచిన బీఆర్ఎస్ అభ్యర్థికి 80,549. తేడా 16,337. మజ్లిస్ అభ్యర్థికి 7,848. మజ్లిస్ ఓట్లు చీల్చింది కాబట్టి అజారుద్దీన్ ఓడాడని ఎంతమంది రాశారు, ఎంతమంది అరిచారు! రెండో తరగతి పిల్లాడి చేత కూడిక చేయించండి. మజ్లిస్ ఓట్లన్నీ, ఒక్కటి పోకుండా, కాంగ్రెస్‌కు పడినా ఎనిమిది వేల నాలుగు వందలకు పైగా తక్కువే. మిగతా ఓట్లు ఎవరు వెయ్యలేదు? ఆ ప్రశ్న ఎవరూ అడగరు. ముస్లిం ఓటు చీలితే వార్త. ముస్లిం అభ్యర్థికి హిందూ ఓటు పడకపోతే అది వార్త కాదు, సహజం.

నిజామాబాద్ అర్బన్‌లో కాంగ్రెస్ సీనియర్ నాయకుడు షబ్బీర్ అలీ బీజేపీ చేతిలో ఓడాడు. అదే జిల్లాలో బోధన్‌లో అదే కాంగ్రెస్ గెలిచింది. రాష్ట్రమంతా కాంగ్రెస్ గాలి వీచిన ఏడాది, ఆ గాలి ముస్లిం పేరున్న చోటికి వచ్చేసరికి ఎందుకు ఆగింది? ముస్లింలు గంపగుత్తగా కాంగ్రెస్‌కు వేశారని విశ్లేషకులు మెచ్చుకున్నారు. మేం వెయ్యాల్సిన చోట వేశాం. మా పేరున్న చోట మీరేం చేశారు? ఓట్ల బదిలీ అనేది ఒకవైపు మాత్రమే పారే కాలువా?

ఇప్పుడు బీజేపీ గడి చూద్దాం. తెలంగాణలో 1 నుంచి 8, ప్లస్ 7. నిజానికి దుబ్బాక, హుజూరాబాద్ ఉప ఎన్నికలు గెలిచి 2023 నాటికి అది మూడు మీద ఉంది. ఆ రెండూ 2023లో పోయాయి. అంటే ఏడు కొత్తవి గెలిచి, రెండు పోగొట్టుకుంది. నికరంగా ప్లస్ 5. సరే, అది వాళ్ల గొడవ. నన్ను భయపెట్టేది ఆ సంఖ్య కాదు, ఆ ఊళ్ల పేర్లు. గోషామహల్ ఉన్నదే. కొత్తగా వచ్చినవి నిజామాబాద్ అర్బన్, ఆర్మూరు, కామారెడ్డి, నిర్మల్, ముథోల్, ఆదిలాబాద్, సిర్పూర్. ఈ పేర్లలో సగం ఊళ్లలో ముస్లింలు పెద్ద సంఖ్యలో బతుకుతున్నారు. ముథోల్ నియోజకవర్గంలోనే భైంసా ఉంది. 2008 అక్టోబరు అల్లర్లలో దాని పక్కన వటోలిలో ఒకే కుటుంబంలో ఆరుగురిని కాల్చి చంపింది అక్కడే. 2020లో, 2021లో మళ్లీ మంటలు లేచింది ఆ భైంసాలోనే. ప్లస్ 7 అన్న అంకె ఈ ఊళ్లన్నిటినీ ఒక్క గీతలోకి మడిచేస్తుంది. ఆ గీత కింద ఒక కొట్టు షట్టరు దిగింది, ఒక స్నేహం తెగింది, ఒక కిరాయి ఇల్లు దొరకలేదు. సీట్ల సంఖ్య చెప్తే సరిపోదు, ఏ సీటు ఏ మాటలు చెప్పి గెలిచారో చెప్పండి.

మజ్లిస్ గడి సంగతి ఇంకా వింత. 2009లో 7, 2014లో 7, 2018లో 7, 2023లో 7. మార్పు సున్నా. లెక్కలేసేవాళ్లు పాతబస్తీ ఏడు సీట్లు పక్కన పెట్టి మిగతా 112లో ఎవరికెన్ని అని మొదలుపెడతారు. అంటే మేం లెక్కలో ఉన్నాం, కానీ పక్కన. రాష్ట్రానికి ఒక మూల కట్టిన కొట్టం. ఆ సున్నా కింద కూడా చాలా దాక్కుంది. 2004లో నాలుగు ఉన్న మజ్లిస్ 2009లో ఏడు అయినప్పుడు ప్లస్ 3 అని రాశారు. మధ్యలో నియోజకవర్గాల గీతలన్నీ మారాయి. ఆసిఫ్‌నగర్ లేకుండా పోయింది, నాంపల్లి, బహదూర్‌పుర కొత్తగా పుట్టాయి. లేని సీటునూ కొత్తగా పుట్టిన సీటునూ ఏ తక్కెడలో తూచారు? 2023లో యాకుత్‌పురాలో మజ్లిస్ బయటపడింది 878 ఓట్లతో. ఎదురుగా నిలిచింది ఎంబీటీ, అంటే ఇంకో ముస్లిం పార్టీ. నాంపల్లిలో గెలుపు 2,037 ఓట్లతో. అక్కడ ఎదురు నిలిచిన కాంగ్రెస్ అభ్యర్థి కూడా ముస్లిమే. పాతబస్తీ ముస్లిం మాట్లాడుతున్నాడు, నిలదీస్తున్నాడు, ఎదురు తిరుగుతున్నాడు. పట్టిక మాత్రం 'మార్పు లేదు' అంటోంది. గంపగుత్త ఓటు బ్యాంకు అన్న పాత పాటకు ఆ సున్నా తాళం వేస్తోంది.

మజ్లిస్ వాళ్లను కూడా అడగాలి. ఏడుకు ఏడు గెలిచామని జలసాలు పెడతారు. ఆ ఏడుగురిలో ఆడది ఎక్కడ? 2014 నుంచి తెలంగాణలో మూడుసార్లు, ఆంధ్రలో మూడుసార్లు ఎన్నికలు జరిగాయి. ఆరింటిలోనూ గెలిచిన ముస్లిం స్త్రీల సంఖ్య సున్నా. అన్ని పార్టీలదీ కలిపి సున్నా. దూదేకులవాళ్లు, కసాయివాళ్లు, ఫకీర్లు, పల్లెల్లో తెలుగే ఇంటి భాషగా బతికే సాయిబులు, వీళ్ల లెక్క ఏ పార్టీ చెప్తుంది? మా మైనస్ గడి గురించి బయటివాళ్లను అడిగేటప్పుడు మా ఇంట్లో మైనస్ గడిని దుప్పటి కప్పి దాచలేం.

ఆంధ్ర లెక్క కూడా చూడాలి. 2014లో నలుగురు, 2019లో నలుగురు, 2024లో ముగ్గురు. నంద్యాల, గుంటూరు తూర్పు, మదనపల్లె. ముగ్గురూ తెలుగుదేశం. పైకి చూస్తే మైనస్ ఒకటి. విడదీసి చూస్తే వైఎస్సార్ కాంగ్రెస్‌కు నాలుగు నుంచి సున్నా, తెలుగుదేశానికి సున్నా నుంచి మూడు. కడప పోయింది, కర్నూలు పోయింది. ముస్లిం ఎమ్మెల్యేలను పంపిన చరిత్ర ఉన్న విజయవాడ పశ్చిమలో 2024లో ముస్లిం అభ్యర్థిని ఓడించి బీజేపీ గెలిచింది. ఆ ముగ్గురూ ఇప్పుడు కూర్చున్నది బీజేపీతో కలిసి నడుస్తున్న కూటమిలో. వక్ఫ్ చట్టం మీద, పౌరసత్వం మీద వాళ్లు నోరు విప్పగలరా? సంఖ్యలో మూడు. గొంతులో ఎంత? దానికీ గడి లేదు.

ఈ జబ్బు మనదగ్గరే కాదు. బీహార్‌లో 2020లో మజ్లిస్ సీమాంచల్‌లో అయిదు సీట్లు గెలిచింది. 2022 జూన్‌లో నలుగురిని రాష్ట్రీయ జనతాదళ్ కలుపుకుంది. లౌకిక శిబిరం బలపడింది అన్నారు. 2025లో అక్కడి జనం మళ్లీ అయిదూ మజ్లిస్‌కే ఇచ్చారు. పట్టికలో అయిదు, అయిదు, మార్పు సున్నా. ఆ సున్నాలో ఎంత కోపం ఉందో చూశారా? మా ఓటు అమ్ముకున్నవాళ్లను ఓడించి, అదే ఓటు తిరిగి అక్కడే పెట్టిన జనం వాళ్లు. అదే ఎన్నికలో బీహార్ సభలో ముస్లింలు 19 నుంచి 11కి తగ్గారు. ఆ మైనస్ 8 మొదటి పేజీకి ఎక్కాల్సిన సంఖ్య కాదా?

ఇక్కడ సెక్యులర్ మిత్రులు గొంతు సవరించుకుంటారు. 'ఎమ్మెల్యేను మతం పేరుతో లెక్కపెట్టడం మతతత్వం కాదా? ఎమ్మెల్యే అందరికీ ప్రతినిధి కదా?' అంటారు. మంచి ప్రశ్నే. అయితే ఫలితాల మూడో రోజున మీ పత్రికల్లోనే రెడ్లు ఎంతమంది, వెలమలు ఎంతమంది, కమ్మవారు ఎంతమంది, బీసీలు ఎంతమంది అని జాబితాలు వస్తాయి. మంత్రివర్గం కూర్చేటప్పుడు జిల్లా, కులం, ఉపకులం దాకా తూకం వేస్తారు. అప్పుడు 'అందరికీ ప్రతినిధి' అన్న సూత్రం ఎక్కడికి పోయింది? తెలంగాణలో 19 సీట్లు దళితులకు, 12 ఆదివాసులకు కేటాయించారు. అది న్యాయం. కొట్లాడి సాధించుకున్న న్యాయం. కొందరిని లెక్కపెట్టి చోటివ్వాలన్న సూత్రాన్ని ఈ దేశం ఒప్పుకుంది. మా దగ్గరికి వచ్చేసరికి లెక్కపెట్టడమే నేరమయిందా?

ముస్లిం గెలిస్తేనే ముస్లింకు మేలు జరుగుతుందని నేననడం లేదు. ముస్లిం పేరున్న ఎమ్మెల్యే వక్ఫ్ భూమి కబ్జాకు కళ్లు మూసుకోవడం మనకు కొత్త కాదు. నేనంటున్నది ఒక్కటే. నష్టం జరిగినప్పుడు నష్టం అని రాయండి. రాయని నష్టానికి పరిహారం అడగలేం. లెక్కలో లేనివాడు పంపకంలో ఉండడు.

ఇది రేపటికి ఇంకా ముఖ్యం. విభజన చట్టం ఆంధ్రలో సీట్లను 225కి, తెలంగాణలో 153కి పెంచుకోవచ్చంది. కొత్త జనగణన తర్వాత గీతలు మళ్లీ గీస్తారు. గీత ఎటు వంగితే ఏ బస్తీ రెండు ముక్కలవుతుందో, ఏ ఊరు ఏ ఊరి కింద మునిగిపోతుందో అప్పుడు తేలుతుంది. ముస్లింలు ఎక్కువగా ఉన్న నియోజకవర్గాలను ఎస్సీ రిజర్వుడు చేస్తున్నారన్న ఫిర్యాదును 2006లోనే సచార్ కమిటీ నమోదు చేసింది. దళితులకూ మాకూ తగవు పెట్టే ఆ ఎత్తుగడ మనకు తెలుసు. దళితుల సీటు తగ్గాలని మేమెప్పుడూ అడగం. మా చోటును వాళ్ల పేరుతో మింగొద్దు అంటాం. కొత్త గీతల తర్వాత వచ్చే మొదటి ఎన్నికల్లో పత్రికలు మళ్లీ ప్లస్సులూ మైనస్సులూ అచ్చేస్తాయి. పాత సీటుతో కొత్త సీటును ఎట్లా పోల్చారని అప్పుడు అడగడానికి మన దగ్గర మన లెక్క ఉండాలి.

అందుకే చదువుకున్న ముస్లిం యువకులకు ఒక మాట చెప్తున్నా. కవిత్వం రాయండి, కథలు రాయండి, దాంతోపాటు లెక్కలు కూడా రాయండి. ప్రతి ఎన్నికకూ ఒక పట్టిక మనమే వేద్దాం. అందులో కిందటి ఎన్నికల నాటి సంఖ్య ఒక గడి, సభ రద్దయిన నాటి సంఖ్య ఒక గడి, ఫిరాయించినవాళ్ల పేర్లు ఒక గడి ఉండాలి. ఓట్ల శాతం, సీట్ల శాతం పక్కపక్కన పెట్టాలి. ఏ పార్టీ ఎంతమంది ముస్లింలకు టికెట్టిచ్చింది, వాళ్లలో గెలవగల చోట ఎంతమందికి, ఓడే చోట ఎంతమందికి ఇచ్చింది, స్త్రీలెందరు, వెనకబడిన బిరాదరీలెందరు, అన్నీ రాయాలి. అది పాంప్లెట్టు వేసి ఊరూరా పంచాలి. ఓటడగడానికి వచ్చినవాడి చేతిలో పెట్టాలి. టోపీ పెట్టుకుని ఇఫ్తార్‌కు వచ్చే ప్రతి నాయకుడికీ ఖర్జూరంతో పాటు ఆ కాగితం కూడా అందించాలి.

వాళ్ల గడులు వాళ్లు గీసుకుంటారు. ఇన్నాళ్లూ మనం ఆ గడుల్లో మనల్ని వెతుక్కుంటూ వచ్చాం. ఇక మన గడి మనం గీద్దాం. అందులో పడే మైనస్సులు మనవే అయినా సరే, మన చేత్తో రాసినవై ఉండాలి.